కుక్క నోరు తెరుచుకోవడం లేదా? దవడ కండరాల జబ్బులో ఏ పరీక్ష, ఏ మందు, ఏ తిండి ఎంచుకోవాలి

మా రాణికి అప్పుడు మూడేళ్లు. జర్మన్ షెపర్డ్. ఒకరోజు పొద్దున్నే లేచి, ఒళ్లు విరుచుకుని, ఆవులించబోయి సగంలో కుయ్యిమని ఆపేసింది. నేను పట్టించుకోలేదు. రెండు రోజుల తర్వాత బంతి విసిరితే పరుగెత్తుకెళ్లింది, ముక్కుతో అటూ ఇటూ దొర్లించింది, నోట కరుచుకోకుండా నా మొహం వైపు చూస్తూ నిలబడింది. తల నిమిరితే కణతలు రెండూ ఉబ్బి గట్టిగా తగిలాయి. కళ్లు కాస్త బయటికి పొడుచుకొచ్చినట్టున్నాయి. పంటి నొప్పి అనుకుని పది రోజులు గడిపేశాం. ఆ పది రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈ జబ్బు పేరు మాస్టికేటరీ మజిల్ మయోసైటిస్. డాక్టర్లు పొట్టిగా ఎంఎంఎం అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నమిలే కండరాల మీద దాడికి దిగుతుంది. ఆ కండరాల్లో 2ఎం అనే ప్రత్యేకమైన తంతువులుంటాయి, కాళ్ల కండరాల్లో అవి ఉండవు. అందుకే కుక్క ఎప్పటిలాగే నడుస్తుంది, పరుగెడుతుంది, దవడ ఒక్కటే బిగుసుకుపోతుంది. మొదట్లో వాపు, నొప్పి, ఒక్కోసారి జ్వరం ఉంటాయి. ఆలస్యమైతే దెబ్బతిన్న కండరం పోయి ఆ చోట నారలాంటి గట్టి పదార్థం పేరుకుంటుంది. దీన్నే ఫైబ్రోసిస్ అంటారు. ఆ దశలో తల ఎముక చేతికి తగులుతుంది, కళ్లు లోపలికి పోతాయి, మత్తు ఇచ్చినా నోరు తెరుచుకోదు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మన్, రాట్‌వైలర్ జాతుల్లో ఎక్కువగా చూస్తుంటారు. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ పిల్లల్లో కొన్ని నెలల వయసులోనే రావచ్చు. నిజానికి ఏ జాతినీ వదలదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాక మన ముందుకు ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు వస్తాయి. పరీక్షలన్నీ చేయించాలా, ముందు మందు మొదలుపెట్టాలా? స్టెరాయిడ్ ఒక్కటి చాలా, ఇంకో మందు కలపాలా? చేత్తో తినిపించాలా, ట్యూబ్ వేయించాలా? ఒక కుక్కకు సరిపోయిన జవాబు ఇంకో కుక్కకు సరిపోదు. అందుకని ముందు కొలతలు చూద్దాం.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

నోరు ఎంత తెరుచుకుంటోంది? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మొహం చూసి మోసపోవడం చాలా తేలిక. వాపు దిగితే జబ్బు తగ్గిందనుకుంటాం, కానీ వాపు పోయి కండరం కరిగిపోతున్నప్పుడు కూడా మొహం అలాగే కనిపిస్తుంది. స్టెరాయిడ్ కూడా కండరాన్ని కరిగిస్తుంది కాబట్టి తల చిక్కినంత మాత్రాన జబ్బు ముదిరిందని చెప్పలేం. నోటి కొలత అబద్ధం చెప్పదు. పై ముందుపళ్లకూ కింది ముందుపళ్లకూ మధ్య ఎన్ని వేళ్ల ఎడం వస్తోందో చూడండి. చేతులతో దవడ లాగి కొలవకండి. ఆవులించేటప్పుడు పక్కనుంచి ఫోన్‌తో వీడియో తీయండి. నొప్పి తగ్గిన కుక్క అయితే చుట్టిన తువ్వాలు ముందు పెట్టి, ఎంత లావు చుట్టను తనంతట తాను పట్టుకుంటుందో చూడండి. వారానికోసారి తేదీ వేసి రాసుకోండి. డాక్టర్‌కి ఆ కాగితం ఎంత పనికొస్తుందో చెప్పలేను.

ఏ దశ? కణతలు ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి ఉంటే మొదటి దశ. తల చిక్కిపోయి, నొప్పి పెద్దగా లేకపోయినా నోరు తెరుచుకోకపోతే ముదిరిన దశ. మొదటి దశలో రోజులు లెక్క. ముదిరిన దశలో కంగారు అక్కర్లేదు, కానీ ఆశలు కొంచెం తగ్గించుకోవాలి.

ఇంకేదైనా జబ్బా? పంటి వేరులో చీము, కంటి వెనక గడ్డ, నోట్లో గుచ్చుకున్న పుల్ల, దవడ కీలు దెబ్బతినడం, టెటనస్ కూడా నోటిని ఇలాగే బిగించేస్తాయి. తలకు ఒకపక్క మాత్రమే కండరం కరిగితే నరం మీద గడ్డ ఉందేమో చూడాలి. దవడ కిందికి వేలాడి *మూసుకోకపోతే* అది వేరే కథ, ఎంఎంఎం కాదు. ఒక జాగ్రత్త: వ్యాక్సిన్ వేయని కుక్క చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే నోట్లో చేయి పెట్టకండి. రేబిస్ కాదని తేలేదాకా దూరం పాటించాల్సిందే.

మీ ఇంటి వీలు, కుక్క ఆరోగ్యం. రోజుకు నాలుగైదుసార్లు తినిపించే మనిషి ఇంట్లో ఉన్నారా? కుక్కకు షుగర్, కడుపులో పుండు లాంటివి ఉన్నాయా? ఇంట్లో గర్భిణి ఉన్నారా? మందు ఎంపికలో ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

## మొదటి ఎంపిక: పరీక్షా, మందా?

2ఎం యాంటీబాడీ రక్తపరీక్ష. ఎంఎంఎంకి ప్రత్యేకమైన పరీక్ష ఇది. పాజిటివ్ వస్తే దాదాపు అనుమానం అక్కర్లేదు. జబ్బున్న 100 కుక్కల్లో దాదాపు 85–90కి పాజిటివ్ వస్తుంది. మిగతావాటికి జబ్బున్నా నెగటివ్ రావచ్చు, ముఖ్యంగా కండరం చాలావరకు పోయిన ముదిరిన దశలో. స్టెరాయిడ్ మొదలుపెట్టి వారం, పది రోజులు దాటినా యాంటీబాడీలు తగ్గిపోయి నెగటివ్ వచ్చే వీలుంది. అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ కంపారేటివ్ న్యూరోమస్క్యులర్ లాబొరేటరీ ఈ పరీక్షకు పేరున్న చోటు. మీ డాక్టర్ తనకు అందుబాటులో ఉన్న ల్యాబ్‌కి శాంపిల్ పంపుతారు. మత్తు అక్కర్లేదు, రక్తం చాలు. లోపమల్లా రిజల్ట్ కోసం ఆగాల్సి రావడమే.

బయాప్సీ. కణత కండరం నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. రక్తపరీక్ష చెప్పలేని ఒక సంగతి ఇది చెబుతుంది: ఎంత కండరం మిగిలింది, ఎంత నారగా మారింది. అంటే ముందు ముందు నోరు ఎంత తెరుచుకునే వీలుందో ఒక అంచనా దొరుకుతుంది. కష్టం మత్తు దగ్గరుంది. మామూలుగా మత్తు ఇచ్చాక నోరు తెరిచి శ్వాసనాళంలో గొట్టం వేస్తారు. నోరే తెరుచుకోని కుక్కకు అదెలా వేస్తారు? సన్నని కెమెరా సాయంతో వేయాలి, అదీ కుదరకపోతే మెడ దగ్గర దారి చేయాలి. అందుకే బయాప్సీకి ఒప్పుకునే ముందు “నోరు తెరుచుకోకపోతే గొట్టం ఎలా వేస్తారు?” అని నిర్మొహమాటంగా అడగండి. దానికి సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే చేయించండి.

స్కానింగ్. ఎంఆర్‌ఐ, సీటీలు ఏ కండరం ఎంత వాచిందో, కంటి వెనక గడ్డ ఉందో లేదో చూపిస్తాయి. వీటికీ మత్తు కావాలి. ఒకపక్కే కండరం కరిగితే స్కాన్‌కి ముందు చోటు ఇవ్వాలి. రెండు పక్కలా సమానంగా ఉబ్బిన కుక్కకు ముందు రక్తపరీక్ష చేయించడమే నయం.

పరీక్ష లేకుండా స్టెరాయిడ్ వేసి చూడడం. చాలాచోట్ల జరిగేది ఇదే. నేను దీన్ని పూర్తిగా తప్పుపట్టను. అయితే పంటి చీముకో, కండరాల్లో చేరిన టాక్సోప్లాస్మా, నియోస్పోరా లాంటి పరాన్నజీవులకో స్టెరాయిడ్ పడితే అవి విజృంభిస్తాయి.

నేనైతే మధ్యదారి పడతాను. నోరు, పళ్లు, కళ్లు బాగా పరీక్షించి, 2ఎంకీ ఇన్‌ఫెక్షన్లకీ కావాల్సిన రక్తం *మొదటి మాత్ర వేయకముందే* తీసి పంపేయాలి. అనుమానం గట్టిగా ఉంటే, డాక్టర్ సరేనంటే, రిజల్ట్ కోసం ఆగకుండా ఆ రోజే మందు మొదలుపెట్టాలి. రక్తం ముందు తీస్తే పరీక్ష చెడదు, మందు ఆ రోజే పడితే కండరం పోదు. సీకే అనే కండరాల ఎంజైమ్ పరీక్ష కూడా చేస్తారు. అది పెరిగితే ఒక ఆధారం, మామూలుగా ఉంటే జబ్బు లేదని కాదు.

## రెండో ఎంపిక: ఏ మందు?

మొదటి మందు గురించి పెద్ద చర్చ లేదు, అది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. రోగనిరోధక శక్తిని అణిచే మోతాదులో ఇస్తారు. సాధారణంగా రోజుకు కిలో బరువుకు 2 మి.గ్రా. దగ్గర మొదలవుతుంది, పెద్ద కుక్కలకు ఆ లెక్క కాస్త తగ్గిస్తారు. మీ కుక్క మోతాదు డాక్టరే చెప్పాలి. అసలు తర్జనభర్జన రెండో మందు దగ్గర వస్తుంది.

| మందు | ఎంతలో పని చేస్తుంది | ఇబ్బందులు | బిగిసిన నోట్లోకి ఎలా? |
|---|---|---|---|
| ప్రెడ్నిసొలోన్ | కొన్ని రోజుల్లో | విపరీతమైన దాహం, ఆకలి, మూత్రం, వగర్పు. ఇన్‌ఫెక్షన్లు, కడుపులో పుండు, కండరం కరగడం | చిన్న మాత్ర, ద్రవరూపంలోనూ ఉంది |
| అజాథియోప్రిన్ | కొన్ని వారాలు | కాలేయం, ఎముక మజ్జ దెబ్బతినొచ్చు. రక్తపరీక్షలు తప్పనిసరి | మాత్రను ఇంట్లో పొడి చేయకూడదు, గ్లౌజ్ వేసుకుని పట్టుకోవాలి |
| సైక్లోస్పోరిన్ | కొన్ని వారాలు | వాంతులు, విరేచనాలు, చిగుళ్లు పెరగడం. పెద్ద కుక్కకు ఖర్చు ఎక్కువ | క్యాప్సూల్ పెద్దది, ద్రవరూపం ఉంది |
| మైకోఫినోలేట్ | అజాథియోప్రిన్ కంటే త్వరగా | ముఖ్యంగా విరేచనాలు | క్యాప్సూల్ విప్పకూడదు, ద్రవరూపం ఉంది. గర్భిణులు ముట్టుకోకూడదు |

ఈ పట్టికలో నాలుగో నిలువు వరసను మందు రాయించుకునేటప్పుడు చాలామంది మర్చిపోతారు. సందు ఒక్క వేలంత ఉన్న కుక్కకు పెద్ద క్యాప్సూల్ రాస్తే అది కాగితం మీదే మిగిలిపోతుంది. “ద్రవరూపంలో దొరుకుతుందా? లేకపోతే మొదటి కొన్ని రోజులు ఇంజెక్షన్ ఇవ్వగలరా?” అని అక్కడే అడిగేయండి. మేం ఇంటికి వచ్చి మాత్రను జావలో కలిపితే రాణి జావంతా నాకి, ఆ చేదు ముక్కను నాలుకతో పక్కకు నెట్టేసింది. సిరప్‌కి మారాకే మందు సరిగ్గా కడుపులో పడింది.

స్టెరాయిడ్ ఒక్కటే ఎవరికి చాలు? మొదటి దశలో దొరికిన కుక్కకు, వేరే జబ్బుల్లేని కుక్కకు, రెండు మూడు వారాల్లో నోటి కొలత స్పష్టంగా పెరుగుతున్న కుక్కకు. చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. మొదటి రోజు నుంచే రెండు మందులు పెట్టేస్తే ఏది పని చేసిందో, ఏది కడుపు చెడగొట్టిందో తెలియక డాక్టరూ మనమూ ఇద్దరం చీకట్లో ఉంటాం.

రెండో మందు ఎప్పుడు? కొలత కదలనప్పుడు, స్టెరాయిడ్ తగ్గించిన ప్రతిసారీ నోరు మళ్లీ బిగుస్తున్నప్పుడు, లేదా స్టెరాయిడ్ వల్ల కుక్క నడవలేనంత నీరసించిపోతున్నప్పుడు. షుగర్ ఉన్న కుక్కకైతే స్టెరాయిడ్ షుగర్‌ని ఇంకా పెంచుతుంది. అక్కడ రెండో మందు మాట మొదటి రోజే తేవాలి. తరచూ రక్తపరీక్షకు తీసుకెళ్లగలిగినవాళ్లకు అజాథియోప్రిన్ మంచిదే. అంత తిరగలేమంటే సైక్లోస్పోరిన్ గురించి అడగండి. కడుపు మొదటినుంచీ నాజూకైన కుక్కకు మైకోఫినోలేట్ అంటే నేను వెనకాడతాను.

ఏ మందు ఎంచుకున్నా రెండు సంగతులు మారవు. నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయకండి. కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్ లాంటివి స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది, మనుషులు వేసుకునే ఐబుప్రొఫెన్ అయితే కుక్కకు విషమే. ముందే వేసేసి ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. రెండోది, స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకండి. వారాల తరబడి బయటి నుంచి వచ్చిన స్టెరాయిడ్‌కి అలవాటుపడి ఒంట్లోని గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి.

## మూడో ఎంపిక: తిండి ఎలా?

స్టెరాయిడ్ వల్ల కుక్కకు ఆకలి మండిపోతుంటుంది, నోరు మాత్రం తెరుచుకోదు. గిన్నె ముందు కూర్చుని నాలుక చివరతో తంటాలు పడుతున్న రాణిని చూస్తూ చాలా రాత్రులు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఇక్కడా కొలతనే నమ్ముకోండి.

రెండు వేళ్లు, ఆపైన తెరుచుకుంటే మెత్తటి తిండిని చిన్న ఉండలు చేసి పెట్టండి. దవడతో నమలకుండానే నాలుకతో లోపలికి లాక్కుంటుంది.

ఒక వేలు లేదా అంతకంటే తక్కువైతే తిండిని మిక్సీలో మెత్తగా వేసి, నాకితే వచ్చేంత జావలా చేయండి. పలచన చేసేకొద్దీ ప్రతి గుక్కలో బలం తగ్గిపోతుంది, అందుకే రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. వారానికోసారి బరువు చూడాలి. రుచి కోసం ఏమైనా కలిపితే అందులో ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) లేకుండా చూసుకోండి. గిన్నె లోతుగా ఉండాలి, అంచుదాకా నింపాలి. నాలుక బయటికి రాని కుక్క మూతి ముంచి తాగుతుంది, పళ్లెంలాంటి గిన్నెలో దానికేమీ అందదు. నీళ్లకూ ఇదే పద్ధతి. రాణికి ఈ ఒక్క మార్పుతోనే తినే టైమ్ సగానికి తగ్గింది.

సిరంజితో పోయడం చివరి మార్గాల్లో ఒకటిగానే చూడండి. చెంప పక్కనుంచి కొంచెం కొంచెంగా, మింగాక మళ్లీ కొంచెం. తల పైకెత్తి పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కుక్క గింజుకుంటుంటే ఆపేయండి.

ట్యూబ్. బరువు తగ్గుతూ, నీళ్లు కూడా సరిగ్గా తాగలేకపోతుంటే ట్యూబ్ వేయించడానికి జంకొద్దు. ముక్కులోంచి వేసే సన్నని ట్యూబ్‌కి నోరు తెరవక్కర్లేదు, కానీ పలచటి ద్రవం మాత్రమే వెళ్తుంది, కొన్ని రోజులకే పనికొస్తుంది. మెడ దగ్గర నుంచి అన్నవాహికలోకి వేసే ట్యూబ్‌తో వారాల తరబడి మెత్తటి తిండి, మందులు కూడా ఇవ్వొచ్చు. అయితే దాన్ని మామూలుగా నోట్లోంచి పరికరం పంపి వేస్తారు. నోరు పూర్తిగా బిగిస్తే కష్టం, అప్పుడు ఆపరేషన్ చేసి పొట్టలోకే ట్యూబ్ పెట్టే దారి గురించి అడగాలి. ట్యూబ్ అంటే ఓటమి అనుకుని నేను వారం ఆలస్యం చేశాను. రాణి చివరికి ట్యూబ్ లేకుండానే గట్టెక్కింది, కానీ ఆ వారంలో రెండు కిలోలు తగ్గింది. ఇప్పుడైతే అన్ని రోజులు ఆగను.

ఇంకో మాట. కుక్క వేడిని బయటికి పంపేది ప్రధానంగా వగర్చడం ద్వారానే. నోరు తెరుచుకోని కుక్కను ఎండలో పరుగెత్తించకండి, కారులో వదలకండి, మూతికి బిగుతు పట్టీ కట్టకండి.

## దవడకు వ్యాయామం

మత్తు ఇచ్చి నోటిని బలవంతంగా తెరిచే పద్ధతి గురించి ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. దవడ ఎముక విరగొచ్చు, కీలు జారొచ్చు, చిరిగిన కండరం మానేటప్పుడు ఇంకా గట్టిపడొచ్చు. వాపు, నొప్పి తగ్గాక కుక్క తనంతట తాను చేసే పనే మంచిది. మెత్తటి బొమ్మలు, తువ్వాలుతో సున్నితంగా లాగుడు ఆట, అతుక్కునే తిండి నాకించడం. నొప్పి ఉన్న దశలో ఇవేవీ వద్దు.

## మీ పరిస్థితి ఏదైతే

ఈ వారమే గమనించినవాళ్లు: రేపటిదాకా ఆగకండి. రక్తం తీయించి, డాక్టర్ చెప్పిన మందు మొదలుపెట్టండి. ఈ దశలో పూర్తి మోతాదు పడిన కుక్కలు చాలావరకు మామూలుగా తినగలుగుతాయి.

నెలలు గడిచాక తెలిసినవాళ్లు: రక్తపరీక్ష నెగటివ్ వస్తే నిరుత్సాహపడకండి, మీకు బయాప్సీయే ఎక్కువ చెబుతుంది. కండరం ఇంకా వాచి ఉంటే మందుకు విలువుంది. అంతా నారగా మారిపోతే పెద్ద మోతాదు స్టెరాయిడ్‌తో కుక్కను ఇబ్బంది పెట్టడం కంటే తిండి పద్ధతి మీద శ్రద్ధ పెట్టడం మేలు. ఒక వేలు సందుతోనే ఏళ్లు హాయిగా బతికే కుక్కలున్నాయి. మొహం పీక్కుపోయి ఉంటుంది, తోక మాత్రం ఎప్పటిలాగే ఊగుతుంది.

పగలంతా ఇంట్లో ఎవరూ లేనివాళ్లు: స్టెరాయిడ్ మీదున్న కుక్క మూత్రం ఆపుకోలేదు, అది దాని తప్పు కాదు. పగలు ఒకసారి బయటికి తీసుకెళ్లి, తినిపించే మనిషిని ముందే చూసుకోండి. అది కుదరకపోతే ట్యూబ్, రెండో మందు గురించి డాక్టర్‌తో తొందరగా మాట్లాడండి.

## మందు తగ్గించేటప్పుడు

జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఇక్కడే చూస్తాం. నోరు బాగా తెరుచుకుంటోంది కదా అని రెండు నెలల్లో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది, రెండోసారి పోయిన కండరం కూడా తిరిగి రాదు. నోటి కొలత, సీకే రెండూ మామూలయ్యాక మొదలుపెట్టి, సాధారణంగా మూడు నాలుగు వారాలకోసారి దాదాపు నాలుగో వంతు చొప్పున తగ్గిస్తారు. మొత్తం ఆరు నెలలు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కొన్నిటికి చిన్న మోతాదు రోజు విడిచి రోజు జీవితాంతం కావాలి. ఈ కాలంలో వ్యాక్సిన్ వేయించాల్సి వస్తే, మందుల సంగతి ముందే డాక్టర్‌కి చెప్పండి.

మోతాదు తగ్గించిన ప్రతిసారీ ఆ తర్వాతి రెండు వారాలు కొలత రాయడం మానకండి. మూడు వేళ్లు పట్టే నోరు రెండున్నరకు వస్తే మొహంలో ఏమీ కనిపించదు, కాగితం మీద కనిపిస్తుంది. రాణికి అలాగే ఐదో నెలలో పట్టుకున్నాం. ఫోన్ చేసిన రోజే డాక్టర్ మోతాదును ఒక మెట్టు పైకి పెంచారు, పది రోజుల్లో మళ్లీ మూడు వేళ్లకు వచ్చింది. నిన్న పొద్దున ఆవులించినప్పుడు వెనక దంతాలదాకా కనిపించాయి.